డ్రోన్ ఎగరేయడం వచ్చింది, ఇక చదవాల్సింది ఏంటి? (జియోస్పేషియల్, అంటే పటాలు, భూమి కొలతల రంగంలో చదువులు, ఉద్యోగాలు)

ఎగిరే_తూనీగ:
అందరికీ నమస్తే. భూగోళశాస్త్రం డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. ఈ మధ్యే డ్రోన్ పైలట్ పరీక్ష పాసయ్యాను. మ్యాపింగ్ యాప్‌లో స్థలం చుట్టూ గీత గీసి బటన్ నొక్కితే చాలు, అదే లేచి వరసలు వరసలుగా ఎగిరి ఫొటోలు తీసుకుని వచ్చి దిగుతోంది. సరదాగానే ఉంది గానీ దీన్ని నమ్ముకుని బతకొచ్చా అని అనుమానం. పైచదువుకి వెళ్తే జీఐఎస్ (కంప్యూటర్‌లో పటాలు, వాటి సమాచారం కలిపి విశ్లేషించడం) తీసుకోవాలా, రిమోట్ సెన్సింగా (శాటిలైట్లు, విమానాల నుంచి నేలని చూసి కొలవడం), సర్వేయింగా? ఎవర్ని అడిగినా వాళ్ళు చదివిందే గొప్ప అంటున్నారు.

ఇంకో సంగతి. కంపెనీల వెబ్‌సైట్లలో ఫీల్డ్ ఫొటోలు చూస్తే దాదాపు అందరూ మగవాళ్ళే. ఆఫీసు ఫొటోల్లో మాత్రం ఆడవాళ్ళు వరసగా కూర్చుని స్క్రీన్ మీద ఇళ్ళ చుట్టూ గీతలు గీస్తూ కనిపిస్తారు. నాకు బయట తిరిగే పని ఇష్టం. దొరుకుతుందా?

బ్యాటరీ_మూడు:
స్వాగతం. చేదు మాట ముందే చెప్పేస్తా. "అదే లేచి అదే దిగుతోంది" అన్నారు చూడండి, ఉత్త పైలట్‌కి గిరాకీ తక్కువ కావడానికి కారణం అదే. నేనూ పైలట్‌గానే మొదలుపెట్టా కాబట్టి అంటున్నా. డబ్బిచ్చేవాడికి మన ఫొటోలు అక్కర్లేదు. గనివాళ్ళకి ఈ నెల ఎంత తవ్వారో ఘనపు మీటర్లలో కావాలి. రోడ్డువాళ్ళకి నేల ఎత్తుపల్లాలు కావాలి. కరెంటు లైన్లవాళ్ళకి ఏ కొమ్మ తీగకి ఎంత దగ్గర్లో ఉందో కావాలి. ఆ అంకె ఇవ్వగలిగినవాడికే పని.

ఎగరేయడంలో కూడా బటన్ నొక్కే ముందున్న లెక్కే అసలు పని. ఒక పిక్సెల్ నేల మీద ఎంత మేర కప్పుతుందో దాన్ని జీఎస్‌డీ అంటాం. సెన్సర్ వెడల్పు 13.2 మిల్లీమీటర్లు, లెన్స్ 8.8 మిల్లీమీటర్లు, ఫొటో అడ్డంగా 5472 పిక్సెళ్ళు అనుకోండి. 100 మీటర్ల ఎత్తులో ఒక పిక్సెల్‌కి 2.74 సెంటీమీటర్లు వస్తుంది. 50 మీటర్లకి దించితే 1.37. వివరం రెట్టింపైంది కదా అని సంబరపడకండి, అదే స్థలానికి ఫొటోలు నాలుగింతలు అవుతాయి. బ్యాటరీలూ, ప్రాసెసింగ్ టైమూ దాని వెంటే పెరుగుతాయి. సెకనుకి 10 మీటర్ల వేగంతో పోతూ షట్టర్ 1/500 పెడితే, షట్టర్ తెరిచి ఉన్నంతలోనే డ్రోన్ 2 సెంటీమీటర్లు జరిగిపోతుంది. 50 మీటర్ల ఎత్తులో అది పిక్సెల్‌న్నర మసక. వరసల మధ్య ఓవర్‌ల్యాప్ ఎంత, గాలి ఎటు, నీడలు ఎటు పడతాయి, ఇవన్నీ యాప్ ఆలోచించదు. మీరే ఆలోచించాలి.

ఫీల్డ్‌లో ఆడవాళ్ళ గురించి నాకంటే బాగా చెప్పేవాళ్ళు ఇక్కడున్నారు, వాళ్ళకే వదిలేస్తున్నా.

గురుత్వం:
తూనీగ గారూ, మీరు అడిగిన మూడింటిలో ఏదైనా తీసుకోండి. పాఠ్యాంశాల జాబితాలో మాత్రం మూడు పేర్లు వెతకండి: జియోడెసీ (భూమి ఆకారాన్ని కొలిచే శాస్త్రం), ఫొటోగ్రామెట్రీ (ఫొటోల నుంచి కొలతలు తీయడం), లీస్ట్ స్క్వేర్స్ అడ్జస్ట్‌మెంట్ (కొలతల్లోని చిన్న చిన్న తప్పుల్ని సర్దే లెక్క). ఈ మూడూ లేని కోర్సు సాఫ్ట్‌వేర్ మెనూలు నేర్పి పంపేస్తుంది. మెనూలు రెండేళ్ళకోసారి మారిపోతాయి. లీస్ట్ స్క్వేర్స్‌ని లెజాండ్ర్ 1805లో ప్రచురించాడు, ఇప్పటికీ మీ డ్రోన్ సాఫ్ట్‌వేర్ లోపల తిరుగుతున్న యంత్రం అదే. అది తనకి ముందే తెలుసని గాస్ వాదించాడు, ఆ గొడవ వేరే కథ. అంత పెద్ద గణితవేత్త గాస్ కూడా హానోవర్ రాజ్యాన్ని స్వయంగా తిరిగి సర్వే చేశాడని గుర్తుచేస్తే మా కుర్రాళ్ళు ఎండ గురించి కాస్త తక్కువ గొణుగుతారు.

ఇక డ్రోన్ సంగతి. ఫొటోలు కలిపి కుట్టిన పటం చూడటానికి ఎంత అందంగా ఉన్నా, అది ఎంతవరకు నిజమో పటాన్ని చూసి చెప్పలేం. నేల మీద గుర్తులు పెట్టి, వాటి స్థానాన్ని జీఎన్‌ఎస్‌ఎస్ రిసీవర్‌తో (జీపీఎస్ లాంటి ఉపగ్రహాలతో స్థానం కొలిచే పరికరం) కొలవాలి. వాటిలో కొన్నిటిని సాఫ్ట్‌వేర్‌కి ఇస్తాం, అవి కంట్రోల్ పాయింట్లు. మిగిలినవి దానికి చూపించకుండా దాచుకుని, చివర్లో పటంతో పోల్చి చూస్తాం, అవి చెక్ పాయింట్లు. ఇచ్చిన పాయింట్లతోనే పోల్చుకుని "తప్పు 1 సెంటీమీటరే" అని రిపోర్టు రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. ప్రశ్నాపత్రం ముందే ఇచ్చి పరీక్ష పెట్టినట్టు అది. అమెరికన్ ఫొటోగ్రామెట్రీ సంఘం ఏఎస్‌పీఆర్‌ఎస్ 2023లో ప్రమాణాలు సవరించినప్పుడు చెక్ పాయింట్ల కనీస సంఖ్యను 20 నుంచి 30కి పెంచింది. చిన్న పనుల్లో అన్ని పెట్టడం కుదరకపోవచ్చు. కానీ అసలు పెట్టకపోవడం వేరు, తక్కువ పెట్టి ఆ సంగతి రిపోర్టులో రాయడం వేరు.

ఆర్‌టీకే డ్రోన్ (ఎగురుతూనే తన స్థానాన్ని సెంటీమీటర్లలో తెలుసుకునేది) కొన్నాం కాబట్టి నేల మీద గుర్తులు అక్కర్లేదని అమ్మకందార్లు చెబుతారు. నమ్మకండి. కెమెరా ఫోకల్ లెంగ్త్ అంచనాలో చిన్న తేడా ఉంటే మొత్తం నేల పైకో కిందికో జరుగుతుంది. అడ్డంగా అంతా సరిగ్గానే కనిపిస్తుంది, నిలువులో తేడా ఉంటుంది. నేలమీద కొలిచిన పాయింటు ఒక్కటి ఉన్నా అది బయటపడుతుంది.

ఎగిరే_తూనీగ:
గురుత్వం గారూ, చాలా థాంక్స్. దీనికి సంబంధించిందే ఒక సందేహం. కాలేజీ ప్రాజెక్టు కోసం మా సీనియర్లు వదిలిపెట్టిన డ్రోన్ డేటా తీసుకున్నాను. అందులో ఎత్తులన్నీ టోపో పటంలో (నేల ఎత్తుపల్లాలు చూపే పటం) ఉన్నదానికంటే దాదాపు 80 మీటర్లు తక్కువ చూపిస్తున్నాయి. కొన్నిచోట్ల సముద్రమట్టానికి కిందే! అన్నిచోట్లా దాదాపు ఒకే తేడా. డేటా పాడైపోయిందా?

గురుత్వం:
పాడవలేదు. తేడా అంతటా ఒకేలా ఉందని గమనించారు, అదే మంచి సూచన. జీఎన్‌ఎస్‌ఎస్ ఇచ్చే ఎత్తు ఎలిప్సాయిడ్ అనే గణిత రూపం నుంచి కొలిచింది. టోపో పటంలోది సగటు సముద్రమట్టం నుంచి, అంటే జియాయిడ్ నుంచి కొలిచింది. భూమి లోపల బరువు సమానంగా పంచి లేదు కాబట్టి ఈ రెండూ కలవవు. హిందూ మహాసముద్రంలో భారతదేశానికి దక్షిణాన జియాయిడ్ ఎలిప్సాయిడ్‌కి సుమారు 106 మీటర్లు కిందికి ఉంటుంది. న్యూగినీ వైపు సుమారు 85 మీటర్లు పైకి ఉంటుంది. మీ ప్రాంతానికి సరిపడే జియాయిడ్ మోడల్ పెట్టి ఎత్తులు మార్చండి, 80 మీటర్ల తేడా పోతుంది. నీళ్ళు ఎటు పారతాయో చెప్పాలంటే జియాయిడ్ ఎత్తులే కావాలి. కాలవలు, డ్రైనేజీ పనుల్లో ఈ సంగతి తెలియనివాడిని పెట్టుకుంటే ఏమవుతుందో ఊహించుకోండి.

పిక్సెల్_పిల్ల:
తూనీగా, ఇంత చిన్న సందేహం నుంచే మీ కెరీర్ జవాబు వస్తోంది చూడండి. "80 మీటర్ల తేడా ఉంది, అన్నిచోట్లా ఒకేలా ఉంది" అని గమనించి అడిగారు. మా టీమ్‌లోకి మనుషుల్ని తీసుకునేటప్పుడు నేను వెతికేది సరిగ్గా అదే.

నేను శాటిలైట్ డేటా వైపు మనిషిని. కంప్యూటర్ సైన్స్ చదివి ఇటొచ్చాను, మా టీమ్‌లో భూగోళశాస్త్రం, సివిల్, వ్యవసాయం, ఒకరైతే పురావస్తు శాస్త్రం చదివి వచ్చారు. కాబట్టి డిగ్రీ పేరు గురించి ఎక్కువ టెన్షన్ పడకండి. రెండు మాత్రం తప్పకుండా నేర్చుకోండి: పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష), ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని ప్రశ్నలు అడిగే భాష). కొత్తగా చేరినవాళ్ళలో చాలామందికి మ్యాపు గీయడం వచ్చు, అదే పని వెయ్యి ఫైళ్ళకి ఒకేసారి చెయ్యమంటే చేతులెత్తేస్తారు. పటాల ఫైళ్ళు చదివి మార్చే జీడాల్ అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ ఉంది, 1998లో మొదలైంది. ఈ రంగంలో మీరు తాకే సాఫ్ట్‌వేర్‌లో చాలాభాగం లోపల అదే పనిచేస్తూ ఉంటుంది. దాని కమాండ్లు కొన్ని చేతికి అలవాటైతే సగం తలనొప్పి తగ్గుతుంది.

ఖర్చు పెట్టకుండా నేర్చుకోవడానికి ఇంత మంచి కాలం ఎప్పుడూ లేదు. పటాలు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఉచితం, 2002 నుంచి ఉంది. డేటాబేస్‌కి పోస్ట్‌జీఐఎస్ ఉచితం. డ్రోన్ ఫొటోలు కలపడానికి ఓపెన్‌డ్రోన్‌మ్యాప్ ఉచితం, సాధన చెయ్యడానికి శాంపిల్ ఫొటోల సెట్లు కూడా వాళ్ళే ఇస్తారు. అంటే డ్రోన్ కొనలేనివాళ్ళు కూడా ఫొటోగ్రామెట్రీ నేర్చుకోవచ్చు. అమెరికా వాళ్ళ ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు తీసిన చిత్రాలు 1972 నుంచీ ఉన్నాయి. ఒకప్పుడు డబ్బులిచ్చి కొనాల్సి వచ్చేది, 2008లో తలుపులు తెరిచారు. అప్పట్నించే ఈ రంగం మామూలు విద్యార్థులకి అందింది. ఐరోపా వాళ్ళ సెంటినెల్-2 ఉపగ్రహ వ్యవస్థ అయితే 10 మీటర్ల వివరంతో దాదాపు 5 రోజులకోసారి అదే చోటికి వస్తుంది. నాసా వాళ్ళ ఆర్సెట్ శిక్షణలు ఆన్‌లైన్‌లో ఉచితం.

బయోడేటాలో "క్యూజీఐఎస్ తెలుసు" అని రాస్తే ఎవరూ చూడరు. ఒకే ఒక్క పని మొదటి నుంచి చివరి వరకు చేసి చూపించండి. డేటా ఎక్కడిది, ఏ కోఆర్డినేట్ సిస్టమ్ (స్థానాల్ని అంకెల్లో చెప్పే పద్ధతి), తప్పు ఎంత, ఎలా తనిఖీ చేశారు, ఏది నమ్మకూడదు. ఆ చివరిదాన్ని రాసినవాళ్ళు నాకు అరుదుగా కనిపిస్తారు.

వాలు_గీత:
సాంకేతిక చర్చ బాగుంది. కానీ మొదటి పోస్టులో ఆడ మగ సంగతి ఎందుకు తెచ్చారో అర్థం కాలేదు. కోఆర్డినేట్లకి ఆడ మగ తేడా ఉండదు. పని వస్తే ఎవరికైనా ఉద్యోగం వస్తుంది. రాకపోతే రాదు. ఫీల్డ్ పని కష్టం కాబట్టి ఇష్టం ఉన్నవాళ్ళే వస్తున్నారు, అంతే. ప్రతి రంగంలోనూ ఈ "డైవర్సిటీ" గోల దూరుతోంది.

పిక్సెల్_పిల్ల:
వాలు_గీత గారూ, కోఆర్డినేట్లకి లేదు, ఒప్పుకుంటాను. కానీ ఏ వస్తువుకి కోఆర్డినేట్ పెట్టాలో నిర్ణయించేది మనుషులు. ఎవరైనా మార్చగలిగే ఉచిత ప్రపంచ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఒకప్పుడు పసిపిల్లల సంరక్షణ కేంద్రాలకి ప్రత్యేకంగా ఒక ట్యాగ్ (అది ఏ రకం చోటో చెప్పే గుర్తు) ప్రతిపాదిస్తే ఓటింగ్‌లో తోసిపుచ్చారు. బార్లకీ, నైట్‌క్లబ్బులకీ మాత్రం అప్పటికే వేర్వేరు ట్యాగులున్నాయి. ఓటు వేసినవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. బిడ్డని ఎక్కడ దించి ఆఫీసుకి వెళ్ళాలన్న బెంగ వాళ్ళలో ఎక్కువమందికి లేదు, అంతే. తర్వాత్తర్వాత ఆ ట్యాగ్ వాడుకలోకి వచ్చింది. జియోచికాస్ అనే బృందం 2016లో లాటిన్ అమెరికాలో మొదలైంది. నగరాల్లో ఎన్ని వీధులకి ఆడవాళ్ళ పేర్లున్నాయో పటం గీసి చూపించారు.

"ఇష్టం ఉన్నవాళ్ళే వస్తున్నారు" అన్నారు కదా. సముద్రపు అడుగుకి పటాలు గీసిన అమెరికన్ మేరీ థార్ప్ సంగతి చూడండి. 1950లలో సముద్రపు లోతు కొలతల్ని కాగితం మీద గీస్తూ అట్లాంటిక్ అడుగున పొడుగునా చీలిక లోయ ఉందని గుర్తించింది. కలిసి పనిచేసే బ్రూస్ హీజెన్ మొదట కొట్టిపారేశాడు. ఖండాలు కదులుతాయన్న వాదానికి అది పెద్ద సాక్ష్యమైంది. ఆ కొలతలు తెచ్చిన ఓడలు ఎక్కడానికి మాత్రం ఆమెని ఏళ్ళ తరబడి ఒప్పుకోలేదు, ఆడవాళ్ళకి అనుమతి లేదు కాబట్టి. ఆమెకి ఇష్టం లేకనా? మొదటి ల్యాండ్‌శాట్‌లో పనిచేసిన మల్టీస్పెక్ట్రల్ స్కానర్‌ని (ఒకే చోటుని వేర్వేరు కాంతి రంగుల్లో చిత్రించే పరికరం) రూపొందించింది ఇంజనీర్ వర్జీనియా నార్వుడ్. 1972లో అది ఎగిరినప్పుడు అసలు పరికరం వేరే కెమెరా అనుకున్నారు, ఆమె స్కానర్ పక్క వాయిద్యం. తీరా చూస్తే ఆ కెమెరా త్వరలోనే మొరాయించింది, లోకం వాడుకున్నది స్కానర్ డేటానే. గణితవేత్త గ్లాడిస్ వెస్ట్ 1956లో అమెరికా నౌకాదళ కేంద్రంలో చేరి, తర్వాత భూమి ఆకారాన్ని లెక్కగట్టే పని చేసింది. పైన గురుత్వం గారు చెప్పిన జియాయిడ్ ఉంది చూశారా, ఆ లెక్కలే. నల్లజాతి మహిళ. ఆమె పేరు బయటి లోకానికి తెలిసింది 2018 ప్రాంతంలో.

వాలు_గీత:
ఇవన్నీ పాత కథలు. ఇప్పుడు ఎవరూ ఓడ ఎక్కొద్దని చెప్పట్లేదు.

గొలుసు_లాగిన_అమ్మాయి:
నేను ఫీల్డ్‌లోనే ఉన్నాను, కాబట్టి ఇప్పటి కథ చెబుతాను. ఎవరూ వద్దని చెప్పరు, నిజమే. సేఫ్టీ జాకెట్ ఇస్తారు, అది మోకాళ్ళ దాకా వస్తుంది. ఎత్తు ఎక్కే పనికి హార్నెస్ ఇస్తారు, అది మగవాళ్ళ భుజాలకి కుట్టింది. నా మీద వదులుగా ఉంటుంది, అంటే పడితే పట్టదు. సైటులో బాత్రూం ఉందా అని అడిగితే మేనేజర్ నవ్వుతాడు. దాంతో పొద్దున్నుంచీ నీళ్ళు తాగకుండా ఎండలో పని చేసే అలవాటు అవుతుంది. తర్వాత "మీరు ఇబ్బంది పడుతున్నారు కదా, ఆఫీసులో డిజిటైజింగ్ (స్క్రీన్ మీద గీతలు గీసే పని) చూసుకోండి" అని మర్యాదగా లోపలికి పంపుతారు. ప్రమోషన్ల దగ్గర "ఫీల్డ్ అనుభవం తక్కువ" అంటారు. మర్యాదగానే!

తూనీగా, ఇంటర్వ్యూలో ఇవి అడుగు: ఫీల్డ్, ఆఫీస్ పనులు అందరికీ వంతులవారీగా ఇస్తారా? ఎగరేసేది ఎవరు, ప్రాసెస్ చేసేది ఎవరు? బస ఎక్కడ, ఒంటరిగా పంపుతారా? జవాబు కంటే జవాబు చెప్పేటప్పుడు వాళ్ళ మొహాలు చూడు. నాకు పనికొచ్చిన ఇంకో సంగతి, చెక్ పాయింట్లు కొలిచే పని అడిగి తీసుకున్నాను. జీఎన్‌ఎస్‌ఎస్ పోల్ పట్టుకుని తిరగడం ఎవరికీ ఇష్టం ఉండదు, గ్లామర్ అంతా డ్రోన్ దగ్గరే. కానీ ఆ అంకెలు నా చేతిలో ఉన్నాక ఏ మీటింగ్ అయినా నన్ను పిలవకుండా జరగలేదు.

బ్యాటరీ_మూడు:
అక్కా, హార్నెస్ సంగతి నేనెప్పుడూ గమనించలేదు. మా సైట్లలో సైజులు ఉన్నాయో లేదో రేపు చూస్తా.

వాలు_గీత:
హార్నెస్, బాత్రూం లాంటివి సరిచెయ్యాల్సిందే, దాంట్లో వాదన లేదు. అవి భద్రతా సమస్యలు. నేను వద్దన్నది కోటాల సంగతి. ఇక్కడ కోటాల గురించి ఎవరూ అనలేదని ఇప్పుడు గమనిస్తున్నాను, సరే.

శూన్యరేఖ:
డైవర్సిటీ అనగానే ఆడ మగ దగ్గరే ఆగిపోతున్నాం కాబట్టి నా వంతు. నేను వీల్‌చెయిర్‌లో ఉంటాను. గని అంచున డ్రోన్ పట్టుకుని నిలబడటం నా వల్ల కాదు, దాని గురించి బాధ కూడా లేదు. లైడార్ (లేజర్‌తో దూరాలు కొలిచే పరికరం) ఇచ్చే పాయింట్ క్లౌడ్‌లు, అంటే కొలిచిన చుక్కల గుంపులు వర్గీకరించడం నా పని: ఇది నేల, ఇది చెట్టు, ఇది కప్పు, ఇది తీగ. ఫొటోగ్రామెట్రీ చెట్టు పైభాగం దగ్గరే ఆగిపోతుంది. లేజర్ పల్స్ ఆకుల సందుల్లోంచి కొంత కిందికి దిగి నేలని తాకి వస్తుంది. ఆ కొద్ది పాయింట్లలోంచి నేలని వెలికితీయడం భలే పని. అడవి కింద ఎవరో ఎప్పుడో కట్టిన గట్టు స్క్రీన్ మీద తేలినప్పుడు ఆ మజా వేరు. ఇంట్లోంచే చేస్తాను. ఈ పని ఉందని నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. కెరీర్ బ్రోషర్ల మీద ఎప్పుడూ హెల్మెట్ పెట్టుకుని డ్రోన్ చూస్తున్న మనిషే ఉంటాడు.

మ్యాపులు గీసేవాళ్ళకి ఒక విన్నపం. ఉత్తర ఐరోపా మూలాలున్న మగవాళ్ళలో సుమారు 12 మందిలో ఒకరికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. వేరే చోట్ల శాతం కాస్త తక్కువ, కానీ ఉంటారు. వరద ముప్పు పటంలో ప్రమాదం ఎరుపు, క్షేమం ఆకుపచ్చ పెడితే వాళ్ళకి రెండూ ఒకటే. పటాల నిపుణురాలు సింథియా బ్రూవర్ ఇదే ఆలోచించి కలర్‌బ్రూవర్ రంగుల సెట్లు చేసింది, క్యూజీఐఎస్‌లో కూడా ఉన్నాయి. రెండు క్లిక్కుల పని.

కొత్త_దారి:
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నేను ఐటీలో టెస్టింగ్‌లో ఉన్నాను, వయసు నలభై దాటింది. ఇటు మారదామనుకుంటున్నాను. కానీ ఇళ్ళు, రోడ్లు గీసే పని అంతా ఏఐ చేసేస్తోంది అంటున్నారు. మునిగే పడవ ఎక్కుతున్నానా?

పిక్సెల్_పిల్ల:
చేత్తో ఇళ్ళ చుట్టూ గీతలు గీసే ఉద్యోగం కుంచించుకుపోతోంది, అందులో దాచేదేం లేదు. మెటా 2023లో ఫొటోలోని వస్తువుల్ని విడదీసే సెగ్మెంట్ ఎనీథింగ్ అనే ఏఐ మోడల్ వదిలాక ఇంకా వేగంగా. తూనీగ మొదట్లో అన్నట్టు ఆ కుర్చీల్లో ఎక్కువగా ఆడవాళ్ళు ఉన్నారు, కాబట్టి దెబ్బ ఎవరికి ముందు తగులుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఫీల్డ్ నుంచి మర్యాదగా లోపలికి పంపడం ఎందుకు అన్యాయమో ఇప్పుడు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

కానీ గీసిందాన్ని పరీక్షించే పని పెరుగుతోంది. గూగుల్ 2021లో ఆఫ్రికా ఖండంలో ఎక్కువ భాగానికి ఇళ్ళ రూపురేఖలు విడుదల చేసింది, ప్రతి ఇంటి పక్కనా ఎంత నమ్మకమో ఒక స్కోరు కూడా ఇచ్చింది. ఆ స్కోరు ఎందుకిచ్చారో ఆలోచించండి. గడ్డి కప్పు, మట్టి కప్పు చుట్టూ ఉన్న నేల రంగులోనే కలిసిపోతాయి. బండరాయి ఇల్లులా కనిపిస్తుంది. ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్ళని మోడల్ ఒకటే ఇల్లు చేస్తుంది. టీకాలు ఎన్ని పంపాలో ఆ లెక్క మీద నిర్ణయిస్తే పొరపాటు ఎవరి మీద పడుతుంది? అలాంటి చోట పుట్టి పెరిగిన మనిషి ఒకరు టీమ్‌లో ఉంటే ఒక్క చూపులో పట్టేస్తారు. మీరు టెస్టింగ్ మనిషి. ఏ శాంపిల్ తీసుకోవాలి, తప్పు ఎక్కడ గుంపుగా దాక్కుంటుంది, ఇవి మీకు ఇప్పటికే తెలుసు. కోఆర్డినేట్ సిస్టమ్స్, గణాంకాలు కలుపుకోండి చాలు.

చేతికి పని తగలాలంటే హ్యుమానిటేరియన్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ టీమ్ ప్రాజెక్టుల్లో చేరండి. 2010 హైతీ భూకంపం అప్పుడు ప్రపంచం నలుమూలల నుంచి వాలంటీర్లు శాటిలైట్ చిత్రాలు చూసి పోర్టోప్రిన్స్ వీధులు గీశారు, సహాయ బృందాలు ఆ పటం వాడాయి. అక్కడ మ్యాపింగ్‌తో మొదలుపెట్టి వాలిడేషన్‌కి (ఇతరులు గీసింది సరిచూడటం) వెళ్ళండి. మీరు సరిచూసిన పని పబ్లిక్‌గా ఉంటుంది, ఎవరికైనా చూపించొచ్చు.

గురుత్వం:
ఒక హెచ్చరిక చేర్చాలి. డ్రోన్ పటం చేతిలో ఉంది కదా అని ఎవరి స్థలం హద్దులూ తేల్చకండి. చాలా దేశాల్లో హద్దు తేల్చే అధికారం లైసెన్సున్న సర్వేయర్‌కే ఉంటుంది. చట్టం పక్కన పెట్టినా, కంచె ఉన్నచోటే హద్దు ఉండాలని లేదు. హద్దు కాగితాల్లో, పాత కొలతల్లో ఉంటుంది. ఫొటోలో పడదు. తూనీగ గారికి బయటి పని ఇష్టం కాబట్టి సర్వేయింగ్ లైసెన్స్ దారి గురించి ఆలోచించమంటాను. సమయం పడుతుంది, పరీక్షలు ఉంటాయి, కానీ సంతకం విలువ ఉన్న మనిషిని ఆఫీసు మూలకి నెట్టడం కష్టం.

ఎవరూ చూడని ఇంకో దారి హైడ్రోగ్రఫీ. సముద్రపు అడుగు కొలిచే పని. 2030 నాటికి మొత్తం పటం చెయ్యాలని సీబెడ్ 2030 అనే అంతర్జాతీయ ప్రాజెక్టు పెట్టుకుంది, ఆధునిక పద్ధతిలో కొలిచింది ఇప్పటికి నాలుగో వంతుకి కాస్త పైన. కేటగిరీ ఏ, కేటగిరీ బీ అని అంతర్జాతీయ గుర్తింపున్న కోర్సులున్నాయి. పోటీ తక్కువ. వాంతులు రాకుండా ఉండటం అదనపు అర్హత.

ఎగిరే_తూనీగ:
అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. జియాయిడ్ మోడల్ పెట్టాను, ఎత్తులు టోపో పటంతో కలిశాయి. 20 సెంటీమీటర్ల లోపు తేడా మిగిలింది, దాన్ని చెక్ పాయింట్లు లేకుండా ఎవరి తప్పో చెప్పలేను కాబట్టి రిపోర్టులో అలాగే రాస్తున్నాను.

జియోమాటిక్స్ (భూమి కొలతల శాస్త్రం) మాస్టర్స్‌కి అప్లై చేస్తున్నాను, జియోడెసీ, అడ్జస్ట్‌మెంట్ రెండూ ఉన్న కోర్సు. సర్వేయింగ్ లైసెన్స్‌కి అది లెక్కలోకి వస్తుందో లేదో కనుక్కోవాలి. ఈలోపు పైథాన్. చివరిగా ఒక చిన్న ప్రశ్న: ఓపెన్‌డ్రోన్‌మ్యాప్ నడపడానికి ఎలాంటి ల్యాప్‌టాప్ కావాలి? నా దగ్గరున్నది 8 జీబీ ర్యామ్, 200 ఫొటోలకే ఆగిపోతోంది.

బ్యాటరీ_మూడు:
ర్యామే సమస్య. కొన్ని వందల ఫొటోలకి 16 ఉండాలి, 32 అయితే నిశ్చింత. కొనేదాకా రెండు పనులు చెయ్యండి. ఫొటోల సెట్‌ని ముక్కలుగా విడగొట్టి ప్రాసెస్ చేసి తర్వాత కలిపే స్ప్లిట్-మెర్జ్ అనే పద్ధతి అందులోనే ఉంది, అది వాడండి. ఫీచర్ క్వాలిటీ, పాయింట్ క్లౌడ్ క్వాలిటీ అనే సెట్టింగుల్ని ఒక మెట్టు దించండి, సాధనకి అది చాలు.

గొలుసు_లాగిన_అమ్మాయి:
ముక్కలు చేసేటప్పుడు ప్రతి ముక్కలో కనీసం మూడు కంట్రోల్ పాయింట్లు పడేలా చూసుకో తూనీగా, లేకపోతే అతుకుల దగ్గర మెట్లు వస్తాయి. అసలు ఫొటోలు ఇంకో డిస్క్‌లో కూడా పెట్టు. మీ సీనియర్ల డేటాలో కంట్రోల్ పాయింట్ల ఫైల్ ఉందా? ఉంటే అందులో ఎత్తులు ఏ రకమో కూడా ఒకసారి చూడు.